తాలీసపత్రం: ఒక పేరు, మూడు ఆకులు

ఇవాళ ఎపిసోడ్ ఆరాంఘర్ చౌరస్తా నుంచి మొదలుపెడదాం. మెహిదీపట్నం దగ్గర ఎక్కిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు గాల్లోనే వచ్చి ఇక్కడే కిందికి దిగుతుంది. ఇక్కణ్నుంచి శంషాబాద్ వైపు పోయే రోడ్డు నంబరు మీరు బోర్డు మీద చూసే ఉంటారు, 44. నేషనల్ హైవే 44. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా పోయే రోడ్డు. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, మన కథకు పనికొస్తుంది.

టాపిక్ ఏంటంటే, పైన్ నీడిల్ టీ. అంటే పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల సూదుల్లాంటి ఆకులను వేడినీళ్లలో వేసి తాగే కషాయం. 2021లో కరోనా సెకండ్ వేవ్ టైమ్‌లో ప్రపంచమంతా ఒక మెసేజ్ తిరిగింది: పైన్ ఆకుల టీ తాగితే వైరస్ ఏమీ చేయదు అని. ఇప్పటికీ రీల్స్‌లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. "అడవిలో ఫ్రీగా దొరికే మందు, డాక్టర్లు మీకు చెప్పరు" అనే టైపు.

ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత? అసలు పైన్ చెట్టే పెరగని మన తెలుగు నేలకు ఈ సూది ఆకుల వైద్యంతో ఏమైనా సంబంధం ఉందా? ఉంది. చాలా పాత సంబంధమే. మీ ఇంట్లో ఆయుర్వేదం డబ్బాలుంటే వాటిలో ఒకదాని మీద ఆ పేరు ఉండే ఛాన్స్ కూడా ఉంది. అక్కడికి వద్దాం. ముందు చెట్ల సంగతి క్లియర్ చేసుకుందాం.

ముందుగా, ఏది పైన్ కాదు?

ఆరాంఘర్ నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా చూసుకుంటూ వెళ్లండి. వేప, కానుగ, రావి, గుల్మొహర్ కనిపిస్తాయి. మధ్యలో లేఅవుట్ల గేట్ల దగ్గర, ఫంక్షన్ హాళ్ల ముందు నిటారుగా, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలున్న మొక్క ఒకటి కనిపిస్తుంది. నర్సరీవాళ్లు దాన్ని క్రిస్మస్ చెట్టు అని అమ్ముతారు. దాని అసలు పేరు అరౌకేరియా. పసిఫిక్ మహాసముద్రం దీవుల నుంచి వచ్చిన రకం. ఇది శంకువులు కాసే చెట్ల వర్గానిదే, కానీ పైన్ కాదు. పార్కుల్లో విసనకర్రలా చదునైన ఆకుల మోర్‌పంఖి ఉంటుంది కదా, అది థూజా. అది కూడా పైన్ కాదు.

ఇక కోస్తా జిల్లాల వాళ్లకు బాగా తెలిసిన సరుగుడు చెట్టు. చూడ్డానికి అచ్చం సూదులే. కానీ ఆ సూదులు అసలు ఆకులే కావు, కణుపులు కణుపులుగా ఉండే సన్నటి రెమ్మలు. ఒక రెమ్మ తీసి లాగి చూడండి, కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. సరుగుడు పూలు పూసే చెట్ల జాతి. శంకువుల వర్గంతో దానికి చుట్టరికమే లేదు. అయినా అమెరికాలో దాన్ని ఆస్ట్రేలియన్ పైన్ అని పిలుస్తారు! ఒక పేరు పెట్టుకుని ఇంకో చెట్టు తిరుగుతూ ఉంటుందన్నమాట. ఇవాళ్టి కథంతా ఈ పేర్ల గొడవే.

కెనడా మంచులో 110 మంది

సూది ఆకుల కషాయం గురించి రాతలో ఉన్న ప్రసిద్ధమైన కథ 1535-36 చలికాలానిది. జాక్ కార్టియే అనే ఫ్రెంచ్ నావికుడు మూడు ఓడలు, 110 మంది మనుషులతో ఇప్పటి కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో ఇరుక్కుపోయాడు. ఇవాళ క్యూబెక్ నగరం ఉన్నచోట అప్పుడు స్టాడకోనా అనే స్థానికుల ఊరు ఉండేది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నది గడ్డకట్టింది. ఓడలు కదలవు. తిండి అంటే ఎండబెట్టిన, ఉప్పుపెట్టిన సరుకే.

కొన్నాళ్లకు మనుషులు పడిపోవడం మొదలైంది. కాళ్లు వాచి నల్లబడ్డాయి. చిగుళ్లు కుళ్లి పళ్లు రాలాయి. ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి 110 మందిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పదిమంది కూడా లేరు. మొత్తం 25 మంది చచ్చిపోయారు. తమ బలహీనత బయటపడితే ఊరివాళ్లు దాడి చేస్తారేమోనని కార్టియేకు భయం. అందుకని ఓడల లోపల సుత్తులతో, రాళ్లతో చప్పుడు చేయించాడట, అందరూ పనిలో ఉన్నారు అనిపించేలా.

ఒకరోజు ఊరి పెద్ద దొన్నకోనా కొడుకు దొమగాయా నడుచుకుంటూ వచ్చాడు. పది పన్నెండు రోజుల కిందట అదే జబ్బుతో మోకాలు ఘోరంగా వాచిన మనిషి, ఇప్పుడు చక్కగా నడుస్తున్నాడు! ఎలా తగ్గింది అని కార్టియే అడిగాడు. తన మనుషులకు జబ్బు అని మాత్రం చెప్పలేదు, "మా పనివాడొకడికి బాలేదు" అన్నాడు. దొమగాయా ఒక చెట్టు పేరు చెప్పాడు: అనెద్దా. ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి కొమ్మలు తెచ్చి చూపించారు. బెరడు, ఆకులు కలిపి మరగబెట్టాలి, రెండు రోజులకోసారి తాగాలి, అడుగున మిగిలిన పిప్పిని వాచిన కాళ్లకు కట్టాలి. ఇదీ పద్ధతి.

మొదట ఎవరూ తాగలేదు. ఒకరిద్దరు ధైర్యం చేసి తాగారు, తేరుకున్నారు. ఇక చూడండి, తోసుకుని మరీ తాగారు. వారం తిరిగేలోపు ఒక పెద్ద చెట్టు మొత్తం ఖాళీ అయిపోయింది.

ఇక్కడిదాకా రీల్స్‌లో చెప్తారు. తర్వాత జరిగింది చెప్పరు. ఈ దొమగాయా ఎవరనుకున్నారు? 1534లో, అంటే మొదటి ప్రయాణంలో, కార్టియే పట్టుకుని ఫ్రాన్సుకు తీసుకెళ్లిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు. మళ్లీ 1536 మేలో, తన మనుషుల ప్రాణం కాపాడిన అదే దొమగాయాను, అతని తండ్రిని, ఇంకొందరిని, మొత్తం పదిమందిని ఓడెక్కించి ఫ్రాన్సుకు పట్టుకుపోయాడు. వాళ్లలో ఒక్క చిన్నపిల్ల తప్ప ఎవరూ బతకలేదు. 1541లో కార్టియే మళ్లీ వచ్చినప్పుడు దొన్నకోనా చనిపోయాడు, మిగతావాళ్లు అక్కడ దొరల్లా బతుకుతున్నారు అని ఊరివాళ్లకు చెప్పాడు.

ఆ తర్వాత ఏమైందంటే, 1604లో ఫ్రెంచ్‌వాళ్లు సెయింట్ క్రోయి అనే చిన్న దీవిలో చలికాలం గడిపారు. వాళ్లలో షాంప్లేన్ కూడా ఉన్నాడు, ఆయనే తర్వాత 1608లో క్యూబెక్ నగరాన్ని మొదలుపెట్టిన మనిషి. మళ్లీ అదే జబ్బు. 79 మందిలో 35 మంది పోయారు. చుట్టూ సూది ఆకుల చెట్లు ఉన్నాయి. అనెద్దా అనే పేరు కార్టియే పుస్తకంలో అచ్చయి ఉంది. కానీ ఏ చెట్టును అనెద్దా అంటారో వేలు పెట్టి చూపించే మనిషి లేడు. స్టాడకోనా ఊరే అప్పటికి లేకుండా పోయింది. పేరు కాగితం మీద మిగిలింది, మందు పోయింది. అనెద్దా అంటే థూజానా, బాల్సమ్ ఫర్ చెట్టా, ఇంకొకటా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మరి ఆ కషాయం ఎందుకు పనిచేసింది?

ఆ జబ్బు పేరు స్కర్వీ. విటమిన్ సి లేకపోతే వస్తుంది. మన చర్మాన్ని, రక్తనాళాలను, చిగుళ్లను పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ సరిగ్గా తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. అది అందకపోతే మనిషి అతుకులు ఊడిపోయినట్టు అయిపోతాడు. పచ్చి సూది ఆకుల్లో విటమిన్ సి ఉంటుంది. మరగబెడితే కొంత పోతుంది, అయినా ఒంట్లో అసలే లేనివాడికి ఆ కొంచెం చాలు. రోజుకు 10 మిల్లీగ్రాములు అందినా స్కర్వీ రాకుండా ఆగుతుంది.

కార్టియేకు ఇదంతా తెలీదు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నేవీ డాక్టర్ 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జత అందరికంటే ముందు లేచి కూర్చుంది. అయినా నేవీ అందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. విటమిన్ సిని విడదీసిన పనికి ఆల్బర్ట్ సెంట్ జార్జికి నోబెల్ వచ్చింది 1937లో. అంటే దొమగాయా చెప్పిన నాలుగొందల ఏళ్లకు కారణం తెలిసిందన్నమాట.

కారణం తెలిశాక సూది ఆకులు ఇంకోసారి పనికొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాద్ నగరాన్ని చుట్టుముట్టింది. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా ముట్టడి. మొదటి చలికాలంలో పనికి వెళ్లలేని మనిషికి రోజుకు 125 గ్రాముల రొట్టె, అంతే. పండ్లు, కూరగాయల మాటే లేదు. అప్పుడు బెజ్జుబోవ్ అనే శాస్త్రవేత్త, విటమిన్ల పరిశోధన సంస్థలోని ఆయన తోటివాళ్లు పైన్ సూదుల నుంచి విటమిన్ పానీయం తయారుచేసే పద్ధతి పెట్టారు. ఆడవాళ్లు అడవికి పోయి కొమ్మలు తెచ్చారు, ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఆ చేదు నీళ్లు పంచారు.

రెండు కథల్లో ఉన్న కామన్ పాయింట్ చూడండి. పండు లేదు, ఆకుకూర లేదు, నెలల తరబడి మంచు. వేరే దారి లేనప్పుడు సూది ఆకు ప్రాణం నిలబెట్టింది.

మనకు ఆ అవసరం ఎందుకు రాలేదు?

మన దగ్గర కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనాలు చేస్తాం. ఆవకాయ కంటే ముందే చాలా ఇళ్లలో నల్ల ఉసిరిక పచ్చడి జాడీ ఉంటుంది. పెరట్లో జామ, నిమ్మ, మునగ. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఉసిరికాయలో 252 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. జామకాయలో 200 పైనే. పెద్దమనిషికి రోజుకు కావాల్సింది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు. అంటే ఒక మోస్తరు జామకాయ తింటే ఆ రోజు లెక్క అయిపోయినట్టే.

ఈ ఎన్ఐఎన్‌కు కూడా ఒక చరిత్ర ఉంది. 1918లో తమిళనాడు కూనూరులో చిన్న ల్యాబ్‌గా మొదలై, 1958లో హైదరాబాద్‌కు మారింది. కూనూరులో ఉన్న రోజుల్లో అక్కడ ఆహార పదార్థాలను పరీక్షించేవాళ్లు, ఉసిరి సత్తా కూడా వాళ్ల రాతల్లో కనిపిస్తుంది. 1940లో పంజాబ్ ప్రాంతంలోని హిస్సార్ కరువులో స్కర్వీ వచ్చినప్పుడు ఉసిరినే మందుగా వాడారు, పనిచేసింది. కెనడాకు అనెద్దా ఎలాగో మనకు ఉసిరి అలాగ. ఇక మనకు పైన్ టీతో పనేముంటుంది?

అయినా సరే, సూది ఆకు మన దాకా వచ్చింది. స్కర్వీ కోసం కాదు, దగ్గు కోసం.

తాలీసపత్రం

తాలీసాది చూర్ణం పేరు విన్నారా? దగ్గు, ఆయాసం, అరుచికి తేనెతో కలిపి నాకించే పొడి. మన అమ్మమ్మల కాలంలో ఆయుర్వేద వైద్యుడి దగ్గర పొట్లం కట్టించుకునేవాళ్లు, ఇప్పుడు డబ్బాల్లో వస్తోంది. చరక సంహిత చికిత్సా స్థానం ఎనిమిదో అధ్యాయంలో, రాజయక్ష్మ అనే క్షయ లాంటి రోగం గురించి చెప్పేచోట ఇది ఉంది. తర్వాత శార్ఙ్గధర సంహితలో కూడా ఉంది.

అందులో తాలీస అంటే ఏంటి? భారత ప్రభుత్వ ఆయుర్వేద ఫార్మకోపియా చెప్పేదాని ప్రకారం ఏబిస్ వెబ్బియానా అనే చెట్టు ఎండుటాకు. అంటే హిమాలయన్ ఫర్. పైన్ కుటుంబం చెట్టే. కాశ్మీర్ నుంచి అస్సాం వైపు దాకా, దాదాపు 2,800 నుంచి 4,000 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. హైదరాబాద్ ఎత్తు 550 మీటర్లకు అటూ ఇటూ. మన దగ్గర ఈ చెట్టు బతకదు. కాబట్టి ఆ ఆకు ఎప్పుడైనా సరే కొండ దిగి, ఎండి, మూటల్లో ప్రయాణం చేసే రావాలి. ఇప్పుడు 44వ నంబరు రోడ్డు గుర్తు చేసుకోండి. ఈ రోడ్డు ఆ చివర పట్టుకుంటే ఫర్ అడవులున్న కాశ్మీర్ చేరతారు. రోడ్డు కొత్తది, రవాణా చాలా పాతది.

సరే, ఇప్పుడు పొడి లెక్క చూద్దాం. ఈ లెక్క నాకు చాలా ఇష్టం. తాలీసపత్రం 1 భాగం, మిరియాలు 2, శొంఠి 3, పిప్పళ్లు 4, వెదురుప్పు 5, ఏలకులు అర, దాల్చినచెక్క అర, చక్కెర 32 భాగాలు. అన్నీ కలిపితే 48. అంటే పేరు తాలీసపత్రానిది, కానీ పొడిలో దాని వాటా 48లో ఒకటి! మూడు గ్రాముల పొడి తీసుకుంటే అందులో సూది ఆకు 60 మిల్లీగ్రాములు చిల్లర. రెండు గ్రాములు చక్కెరే. మిరియం, శొంఠి, పిప్పలి కలిపి 9 భాగాలు, గొంతులో ఆ ఘాటు అక్కణ్నుంచే వస్తుంది.

దీన్నుంచి రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, ఈ ఆకు ఎండి, నెలల తరబడి మూటల్లో ఉండి వచ్చింది కాబట్టి కార్టియే కథలోని విటమిన్ సి మహిమ దీనికి అంటగట్టకూడదు. విటమిన్ సి ఎండకు, గాలికి, కాలానికి ఆగదు. రెండు, పాతకాలం వైద్యులు సూది ఆకును కొలిచి, చిటికెడు వాడారు. గుప్పెడు తెంపి గిన్నెడు నీళ్లలో మరగబెట్టి పొద్దున, సాయంత్రం తాగమనలేదు.

మూడు ఆకులు

ఇప్పుడు అసలు ట్విస్ట్. తాలీసపత్రం అని అడిగితే బజార్లో వచ్చేది ఎప్పుడూ ఫర్ ఆకే కాదు. ఈ పేరు మీద మన దేశంలో కనీసం మూడు చెట్ల ఆకులు అమ్ముడయ్యాయని వృక్షశాస్త్రం వాళ్లు, ఔషధ శాస్త్రం వాళ్లు చాలాకాలంగా రాస్తున్నారు.

ఒకటి, హిమాలయన్ ఫర్. ఇది అఫీషియల్.

రెండు, ఫ్లకోర్షియా అనే చెట్టు. మన కానరేగుకు దగ్గరి చుట్టం. దక్షిణాదిలో తాలీసపత్రి అంటే చాలాచోట్ల దీని ఆకే. వెడల్పాటి ఆకు, సూది కాదు, శంకువుల వర్గమే కాదు. హిమాలయం దూరం, కాబట్టి ఇక్కడ దొరికే ఆకుకు ఆ పేరు వచ్చి కూర్చుంది. దేవదారు విషయంలో కూడా ఇంతే. హిమాలయాల్లో దేవదారు అంటే మహావృక్షం. మన అడవుల్లో దేవదారు, దేవదారి అని పిలిచేది వేరే చిన్న చెట్టు, శంకువులే కాయదు.

మూడు, టాక్సస్. ఇంగ్లిష్‌లో యూ చెట్టు. హిందీలో థునేర్. ఉత్తరాదిలో, బెంగాల్ వైపు తాలీసపత్రం పేరుతో ఇది అమ్మేవాళ్లు. ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి స్థౌణేయకం అని వేరే పేరే ఉంది. యునానీలో జర్నబ్ అంటారు. హైదరాబాద్ యునానీకి పెద్ద కేంద్రం కదా, చార్మినార్ పక్కనే నిజామియా ఆసుపత్రి ఉంది, కాబట్టి ఈ మూడు పేర్లూ మన ఊళ్లో పక్కపక్కనే నడిచాయన్నమాట. పుస్తకాల్లో రెండు వేరువేరు పేర్లు. ఎండిపోయి మూటలో పడ్డాక మాత్రం ఫర్ సూది, యూ సూది చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉంటాయి.

ఈ మూడో ఆకు దగ్గర ఆగాలి. మన ఊళ్లో గన్నేరు గురించి పిల్లలకు చెప్తాం కదా, నోట్లో పెట్టుకోకు, గుండె ఆగిపోతుంది అని. యూ కూడా అలాంటిదే. కాయ చుట్టూ ఉండే ఎర్రటి గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నిట్లో టాక్సిన్ అనే విషాలు ఉంటాయి. ఇవి నేరుగా గుండె కొట్టుకునే లయను చెడగొడతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు అంటూ లేదు. రెండు వేల ఏళ్ల కిందట జూలియస్ సీజర్ తన యుద్ధాల పుస్తకంలో కటువోల్కస్ అనే నాయకుడు యూ చెట్టుతో ప్రాణం తీసుకున్నాడని రాశాడు. అంటే ఈ సంగతి మనుషులకు అప్పుడే తెలుసు.

పైన్ నీడిల్ టీ కోసం కొండప్రాంతానికి టూర్ వెళ్లినవాళ్లు "ఇదీ సూది ఆకే కదా" అని కొమ్మ తెంపితే ఏమవుతుందో ఆలోచించండి. మనం మైదానంలో పుట్టి పెరిగిన వాళ్లం. వేపకూ కరివేపకూ తేడా కళ్లు మూసుకుని చెప్తాం. ఫర్‌కూ యూకూ తేడా మన కళ్లకు తెలీదు.

విషం నుంచి మందు, శంషాబాద్ దాకా

అదే యూ చెట్టుకు ఇంకో ముఖం కూడా ఉంది. 1962లో అమెరికా పశ్చిమ తీరంలో యూ బెరడు సేకరించి కేన్సర్ మందుల వేటలో పరీక్షకు పంపారు. మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి అనే శాస్త్రవేత్తలు అందులోని పదార్థాన్ని విడదీసి 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. అదే టాక్సాల్, ఇప్పుడు పాక్లిటాక్సెల్ అంటున్నాం. 1992 చివర్లో అండాశయ కేన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము కేన్సర్‌కు కూడా వాడతారు. కీమో తీసుకున్నవాళ్లు మీ బంధువుల్లో ఉంటే ఈ పేరు విని ఉంటారు.

మొదట్లో బెరడు ఒలిచేవాళ్లు. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. తర్వాత సూది ఆకుల నుంచి ఒక మూల పదార్థం తీసి, దాన్ని ల్యాబ్‌లో పాక్లిటాక్సెల్‌గా మార్చే పద్ధతి కనిపెట్టారు. ఆకులు మళ్లీ చిగురిస్తాయి, చెట్టు బతుకుతుంది. మన హిమాలయాల్లో మాత్రం యూ చెట్లు అప్పటికే బాగా నరికేశారు. 1995 నుంచి హిమాలయన్ యూ అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం కింద అదుపు ఉంది.

హైదరాబాద్ ఫార్మా కంపెనీలు కూడా పాక్లిటాక్సెల్ తయారుచేస్తాయి. 2008లో మొదలైన మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కార్గోలో మందుల కోసం చల్లగా ఉంచే ప్రత్యేక విభాగమే ఉంది. ఆలోచించండి, ఒకప్పుడు మూటలో కొండ దిగి వచ్చిన ఆకు జాతి, ఇప్పుడు కొలిచిన డోసుగా సీసాలో తయారవుతోంది. కానీ ఆ సీసాకూ టీ గ్లాసుకూ మధ్య ముప్పై ఏళ్ల పరిశోధన ఉంది. ఎంత డోసు, ఎవరికి, ఎన్ని గంటల్లో ఎక్కించాలి, రక్తకణాలు తగ్గితే ఏం చేయాలి, అన్నీ తేలాకే రోగి చేతికి సెలైన్ సూది గుచ్చుతారు.

మళ్లీ ఆ మెసేజ్

ఇప్పుడు 2021 మెసేజ్ చూద్దాం. అందులో రెండు సైన్స్ పేర్లు వాడారు. ఒకటి సురామిన్. పైన్ ఆకుల్లో సురామిన్ ఉంది అన్నారు. అబద్ధం. సురామిన్ ప్రకృతిలో లేదు. వందేళ్ల కిందట జర్మనీలో బేయర్ కంపెనీ ల్యాబ్‌లో తయారుచేసిన మందు అది. ఆఫ్రికాలో వచ్చే నిద్రజబ్బుకు ఇంజెక్షన్‌గా ఇస్తారు.

రెండోది షికిమిక్ ఆమ్లం. ఇది పైన్ ఆకుల్లో నిజంగానే ఉంది. ఇంకెక్కడ ఉందో తెలుసా? మన బిర్యానీలో వేసే అనాస పువ్వులో. ఫ్లూ జ్వరం మందు ఒసెల్టామివిర్, అదే టామీఫ్లూ, తయారీకి ఇది ముడి సరుకు. 2005లో బర్డ్ ఫ్లూ భయం వచ్చినప్పుడు ఆ మందు తయారీకి రోష్ కంపెనీ లైసెన్స్ ఇచ్చింది మన హైదరాబాద్ కంపెనీ హెటెరోకే. అయితే ముడి సరుకు వేరు, మందు వేరు. షికిమిక్ ఆమ్లం ల్యాబ్‌లో ఎన్నో మెట్లు దాటితే గానీ మందు కాదు. అదే మందైతే ప్లేటు బిర్యానీ తిన్న ప్రతివాడికీ ఫ్లూ రాకూడదు కదా! పైగా ఆ మందు ఫ్లూకి, కరోనాకు కాదు.

నేను ఆ మెసేజ్ నమ్మినవాళ్లను ఎగతాళి చేయను. ఆ మే నెల ఎలా గడిచిందో మనందరికీ తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ కోసం, బెడ్ కోసం ఫోన్లు చేసిన రోజులు. అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది క్యూ కట్టారు. దిక్కుతోచనప్పుడు మనిషి ఆకు వైపే చూస్తాడు. కార్టియే మనుషులూ అదే చేశారు. కాకపోతే వాళ్ల ఎదురుగా ఒక దొమగాయా ఉన్నాడు. ఆ చెట్టు తెలిసినవాడు, అదే జబ్బు పడి లేచినవాడు, కొమ్మ తెచ్చి చూపించినవాడు. వాట్సాప్ మెసేజ్ వెనక అలాంటి మనిషి లేడు. పేరు ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది. చెట్టును గుర్తుపట్టే కన్ను ఫార్వర్డ్ కాదు.

నాటు వైద్యం అంతా ఉత్తిదే అని నేను అనడం లేదు. డాక్టర్లకు కారణం తెలీని రోజుల్లో ఒక ఊరివాళ్లకు మందు తెలుసు. ఆ తెలివి ఆకులో లేదు, ఆ ఊళ్లో ఉంది. ఊరు పోయాక పుస్తకంలో పేరు ఉన్నా 35 మంది చచ్చిపోయారు. మన తాలీసపత్రం కూడా పేరొకటి, ఆకులు మూడు. ఒకటి మందు, ఒకటి బదులు, ఒకటి విషం.

కాబట్టి చివరగా నాలుగు మాటలు. నర్సరీ క్రిస్మస్ చెట్టు, పార్కులో మోర్‌పంఖి, కొండల్లో కనిపించే ఏ సూది ఆకునైనా తెంపి టీ పెట్టకండి. గర్భిణులు అసలే వద్దు, అమెరికాలో పాండెరోసా పైన్ సూదులు మేసిన ఆవులు నెలలు నిండకుండా ఈనుతాయని పశువైద్యులకు బాగా తెలుసు. తాలీసాది చూర్ణం వాడాలనుకుంటే డబ్బా మీద ఏబిస్ వెబ్బియానా అని రాసి ఉందో లేదో చూడండి, చదువుకున్న ఆయుర్వేద వైద్యుడిని అడగండి. తాతయ్యకు షుగర్ ఉంటే 48లో 32 భాగాలు చక్కెర అని గుర్తుంచుకోండి. దగ్గు రెండు వారాలు దాటితే పొడులు పక్కన పెట్టి కఫం పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్రీ. చరకుడు ఈ పొడిని రాసిందే క్షయ అధ్యాయంలో కదా. ఆయన కాలంలో ఆ రోగానికి పరీక్ష లేదు, ఆరు నెలల మందుల కోర్సు లేదు. మనకు రెండూ ఉన్నాయి.

విటమిన్ సి కావాలా? ఆరాంఘర్ చౌరస్తాలో బండి మీద జామకాయలు అమ్ముతుంటారు. ఉప్పు కారం చల్లించుకుని ఒకటి తినండి. ఆ చెట్టు పేరు మీకు తెలుసు, అమ్మేవాళ్లకూ తెలుసు.

ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూపులో పంపండి, ముఖ్యంగా కషాయాల ఫార్వర్డ్‌లు పంపే పెదనాన్నకు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం.